ఆరు చేతుల బాలింత

బాలింతకి మంచినీళ్లివ్వడమంటే మా పామర్రులో ఒకప్పుడు మందు పోసినట్టే. చిన్న గ్లాసు. అదీ కాచి చల్లార్చినవి. అదీ అన్నం తిన్నాక, గొంతు తడుపుకోవడానికి. ఇంకోసారి అడిగితే "పచ్చి బాలింతవి, అన్నేసి నీళ్లు తాగితే పొట్ట తగ్గదే, పిల్లకి జలుబు చేస్తుందే" అనేవారు. నేను రాయబోయేది నిజానికి ఒక సముద్ర జీవి గురించి. అరచేతిలో ఇమిడిపోయే చిన్న నక్షత్ర చేప గురించి. కానీ దాని దగ్గరికి నేను వెళ్లింది ఈ మంచినీళ్ల గొడవ మోసుకునే కాబట్టి, ముందు అది చెప్పాలి. కాస్త ఓపిక పట్టండి.

మా అమ్మాయి 1991 మే నెలలో పుట్టింది. మే నెల అంటే కృష్ణా జిల్లాలో ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. కాలవలు కట్టేసి ఉంటాయి. చెట్టు మీద ఆకు కదలదు. పురిటి గదికి ఉన్నది ఒక్క కిటికీ. దానికీ తలుపులు మూసి, పాత చీర అడ్డం కట్టారు. చెవుల్లో దూది, తలకి గుడ్డ, మంచం పక్కన కుంపటి, రెండు పూటలా సాంబ్రాణి పొగ. పొద్దున్నే కాయం ఉండ మింగాలి. తర్వాత పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి. పప్పు లేదు, పెరుగు లేదు, పండు లేదు. దాహం మాత్రం ఉంది. పక్కింటి గేదె కుడితి తాగుతున్న చప్పుడు వింటూ పడుకుంటే ఏడుపొచ్చేది నాకు. నవ్వకండి, నిజం!

తొమ్మిదో రోజు స్నానం చేసి లేస్తూ కళ్లు తిరిగి పడిపోయాను. మా వీధిలోని డాక్టరమ్మ వచ్చి నాలిక చూసింది. చేతి మీద చర్మం లాగి చూసింది. "ఈ పిల్ల ఒంట్లో నీళ్లేవమ్మా?" అని మా అమ్మనడిగింది. సెలైన్ ఎక్కించారు. అప్పటికే నాకు మూత్రంలో మంట, సరిగా పాలు పడటం లేదు. పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే డబ్బా పాలు మొదలుపెట్టారు.

అమ్మని ఏమీ అనను. వాళ్లమ్మ తనకి చేసింది తను నాకు చేసింది. నేను కళ్లు తిరిగి పడ్డ రోజు రాత్రి, తెల్లార్లూ నా కాళ్ల దగ్గర కూర్చుని పాదాలు రాస్తూనే ఉంది.

విచిత్రం ఏమిటంటే, ఇంత జరిగినా ముప్పై రెండేళ్ల తర్వాత నా కూతురికి నేనూ అదే చెయ్యబోయాను. కళ్లు తిరిగి పడ్డం మర్చిపోయాను. అమ్మ పాదాలు రాయడం మాత్రం గుర్తుండిపోయింది.

ఐసు నీళ్లు!

2023 జనవరిలో నేను సియాటిల్ వెళ్లాను. అమ్మాయీ అల్లుడూ ఆ ఊరి పక్కనే బెల్‌వ్యూలో ఉంటారు. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. మా వైపు నుంచి ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఒక అమ్మో అత్తగారో ఇలా పురుడు పొయ్యడానికి విమానం ఎక్కుతూనే ఉంది కదా! నా పెట్టెలో సగం కాయం పొడి, శొంఠి, వెల్లుల్లి కారం, పాత చింతకాయ పచ్చడి. మిగతా సగంలో పాత మెత్తటి నేత చీరలు, పిల్ల పొత్తిళ్లకి.

మార్చి మొదట్లో ఆడపిల్ల పుట్టింది. పుట్టిన గంటకి నర్సు నవ్వుతూ వచ్చి మా అమ్మాయి చేతిలో ఒక పెద్ద ప్లాస్టిక్ మగ్గు పెట్టింది. మూత, తాగడానికి గొట్టం. ఊపితే గలగలమని చప్పుడు. ఏమిటా అని చూస్తే ఐసు ముక్కలు! పచ్చి బాలింతకి ఐసు నీళ్లు! నా గుండె ఆగినంత పనైంది. నర్సు అటు తిరగగానే మగ్గు తీసి కిటికీ దగ్గర పెట్టాను. ఆవిడ మళ్లీ వచ్చి మళ్లీ చేతికిచ్చింది. ఇలా ఆ రోజంతా నేనూ, ఆ నర్సూ ఆ మగ్గుతో ఆడుకున్నాం. భాష రాకపోవడంతో సరిపోయింది గానీ లేకపోతే పెద్ద యుద్ధమే అయ్యేది.

ఇంటికి వచ్చాక రాజ్యం నాదే. వంటిల్లు నాది, గ్లాసు నాది. అమ్మాయి మొదట నాలుగు రోజులు నా మాట విన్నది. అయిదో రోజు నుంచి విసుక్కోవడం మొదలైంది. "అమ్మా, దాహమేస్తోందే" అంటే "ఓర్చుకోవాలమ్మా, పిల్ల కోసం" అనేదాన్ని. ఒక రాత్రి రెండు గంటలప్పుడు మెలకువ వచ్చి చూస్తే వంటింట్లో దీపం. అమ్మాయి కుళాయి కింద సీసా పట్టుకుని, దొంగతనంగా గటగటా తాగుతోంది. నన్ను చూసి ఉలిక్కిపడి సీసా వెనక్కి దాచింది. ముప్పై ఒక్కేళ్ల మనిషి, ఒక బిడ్డకి తల్లి, సొంత ఇంట్లో మంచినీళ్లు దాచుకుంది!

అప్పుడైనా నాకు సిగ్గు కలగాలి. కలగలేదు. కోపం వచ్చింది. "ఇంత దూరం నేనొచ్చి చేస్తుంటే నీకు లెక్కలేదా" అన్నాను. అది ఏదో అంది. నేనేదో అన్నాను. రెండు రోజులు ఇద్దరం పిల్ల గురించి తప్ప మరో మాట మాట్లాడుకోలేదు. మధ్యలో నలిగిపోయింది అల్లుడు. "అత్తయ్యగారూ, కాఫీ పెట్టమంటారా?" అని రోజుకి అయిదుసార్లు అడిగేవాడు, పాపం.

సముద్రం వెనక్కి పోయిన పూట

ఏప్రిల్ మూడో వారంలో అల్లుడే ఉపాయం ఆలోచించాడు. ఆ శనివారం మధ్యాహ్నం సముద్రం బాగా వెనక్కి పోతుందనీ, అలాంటప్పుడు ఒడ్డున రాళ్ల మధ్య బోలెడు ప్రాణులు కనిపిస్తాయనీ, మా అమ్మాయికి అది మహా ఇష్టమనీ చెప్పాడు. నెలన్నర బాలింతని సముద్రపు గాలికా అని నేను నసిగాను. చివరికి పాపని పట్టుకుని తను కారులోనే కూర్చుంటానంటే ఒప్పుకున్నాను. అమ్మాయికి చెవులకి గుడ్డ కట్టించాను. అది మాత్రం వదల్లేదు!

వెస్ట్ సియాటిల్‌లో ఆల్కై అనే చోటు. మన మంగినపూడిలా ఇసుక కాదు, అన్నీ రాళ్లు. పోటుకీ పాటుకీ మధ్య నీటి ఎత్తులో అక్కడ సగటున 11 అడుగుల పైనే తేడా ఉంటుందట. మన బందరు వైపు మనిషి ఎత్తు తేడా కూడా రాదు. అందుకని అక్కడ నీళ్లు దిగిపోతే ఎవరో ఇంటి పైకప్పు ఎత్తేసినట్టుంటుంది. నాచు జడల్లా వేలాడుతూ, నత్తలు, పీతలు, రాతికి అతుక్కున్న గుల్లలు... అంతా బయటపడి కనిపిస్తుంది. నీళ్లు మళ్లీ ఎక్కేదాకా ఆ కాసిని గంటలూ వాటికి ఎండ, గాలి, పక్షులు, మనలాంటి చూపరులు, అన్నీ కష్టాలే. రోజుకి రెండుసార్లు ఇలా ఎండి, రెండుసార్లు మునిగే చోట కాపురం చెయ్యడం మామూలు సంగతి కాదు.

మా అమ్మాయికి పరిచయమున్న ఒక పెద్దావిడ అక్కడికి వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. సియాటిల్ అక్వేరియం వాళ్లు వేసవిలో ఒడ్డుకి వచ్చే జనానికి ఈ ప్రాణుల్ని చూపించి చెప్పడానికి వాలంటీర్లని పెడతారట. ఈవిడ వాళ్లలో ఒకరు. ఆవిడ చెబుతుంటే అమ్మాయి నాకు తెలుగులో చెప్పేది. అలా రెండు రోజుల మౌనం తెగింది, మా ఇద్దరికీ తెలియకుండానే.

ఆవిడ ఒక రాయి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, దాన్ని తలుపు తీసినట్టు ఒక వైపు కొద్దిగా ఎత్తింది. అడుగున బూడిద రంగులో, పచ్చటి మచ్చలతో ఏదో ముడుచుకుని ఉంది. నేను రాతి ముక్కే అనుకున్నాను. తేరిపార చూస్తే చేతులు. ఒకటి, రెండు... ఆరు! బొమ్మల్లో చూసే నక్షత్ర చేపకి అయిదే కదా ఉండేది. ఇది చేతులు చాచి పరుచుకుని లేదు. గొడుగులా పైకి వంగి, చేతుల కొసలు మాత్రం రాతికి ఆన్చి, మధ్యలో బోలుగా నిలబడింది. ఆ బోలులోంచి పసుపు, నారింజ రంగు కలిసిన పూసల గుత్తి కాస్త కనిపించింది.

"గుడ్లమ్మా" అంది మా అమ్మాయి.

ఆవిడ రాయి మెల్లిగా దించేసింది. ఎక్కువసేపు ఎత్తి ఉంచకూడదట. తల్లి బెదిరితే పట్టు వదిలేస్తుంది. అలల్లో గుడ్లు కొట్టుకుపోతాయి. ఎత్తిన రాయి ఎత్తినట్టే తిరిగి పెట్టకపోతే కింద ఉన్నవన్నీ నలిగిపోతాయి. మొత్తం చూసింది అరనిమిషం. ఆ తర్వాత గంటసేపు ఆవిడ చెప్పిందే వింటూ కూర్చున్నాం.

దాని శాస్త్రీయ నామం లెప్టాస్టీరియస్ హెక్సాక్టిస్. హెక్సాక్టిస్ అంటే గ్రీకులో ఆరు కిరణాలది అని. 1862లో స్టింప్సన్ అనే ఆయన దానికి పేరు పెట్టాడు. నక్షత్ర చేప అంటాం గానీ ఇది చేప కాదు. ముల్లు లేదు, మొప్పలు లేవు, మెదడు లేదు, రక్తం కూడా లేదు. సముద్రపు నీరే దాని ఒంట్లో గొట్టాల్లో తిరుగుతూ, చేతుల అడుగున ఉండే వందలాది చిన్న చిన్న పాదాల్ని నడిపిస్తుంది. నోరు పొట్ట మధ్యన, కింది వైపు ఉంటుంది. చిన్న నత్తలు, గుల్లలు దాని ఆహారం.

ఇప్పుడు అసలు సంగతి. నక్షత్ర చేపల్లో ఎక్కువ జాతులు గుడ్లు నీళ్లలోకి వదిలేసి ఊరుకుంటాయి. అదే ఒడ్డున ఉండే పెద్ద ఊదారంగు నక్షత్రం, పైసాస్టర్ అంటారు దాన్ని, కోట్లలో గుడ్లు వదులుతుంది. వాటి లార్వాలు వారాల తరబడి సముద్రంలో కొట్టుకుపోతూ తిరుగుతాయి. కోటికి ఏ ఒక్కటో ఒడ్డు చేరుతుంది. ఈ చిన్నది అలా చెయ్యదు. పెట్టేది కొన్ని వందల గుడ్లే. వాటిని పొట్ట కిందకి చేర్చుకుని, చలికాలంలో మొదలుపెట్టి ఆరు నుంచి ఎనిమిది వారాల పాటు అలా వంగి కాపు కాస్తుంది. మధ్య మధ్య పాదాలతో గుడ్లని అటూ ఇటూ కదుపుతూ, మీద పడ్డ మట్టి దులుపుతూ శుభ్రం చేస్తుంది. తల్లిని తీసేస్తే గుడ్లు మురిగి చచ్చిపోతాయట. ఫూ షియాంగ్ చియా అనే శాస్త్రవేత్త ఆ దగ్గర్లోనే ఉన్న శాన్ హువాన్ దీవిలో వీటిని పరిశీలించి, 1966లో దీని కాపలా గురించి వివరంగా రాశాడు. తండ్రి పని మాత్రం గుడ్లు పెట్టినప్పుడే అయిపోతుంది. ఆ తర్వాత పత్తా ఉండడు. (దాని మీద నేనేమీ వ్యాఖ్యానించను. మా ఆయన కూడా ఈ పేజీ చదువుతారు.)

"మరి ఈ రెండు నెలలూ దాని తిండి?" అని అడిగాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. తినదట! గుడ్లు పెట్టిన దగ్గర్నుంచీ పిల్లలు సొంత పాదాలతో రాతిని పట్టుకోగలిగే దాకా పూర్తి ఉపవాసం.

అబ్బ! ఆ మాట వినగానే నాకెంత ఉత్సాహం వచ్చిందో చెప్పలేను. భాష తెలియని ఊళ్లో, సముద్రం అడుగున, నా పక్షాన సాక్ష్యం చెప్పడానికి ఒక తల్లి దొరికింది! అమ్మాయి వైపు తిరిగి "చూశావా? నోరులేని పురుగు. అది కూడా పిల్లల కోసం నోరు కట్టుకుంది. నువ్వు నలభై రోజులు మంచినీళ్లు ఓర్చుకోలేవూ?" అన్నాను.

అది నా వంక చూసింది. కోపంగా కాదు.

"దానికి నోరు మూసుకుపోయిందమ్మా, గుడ్లు అడ్డం వచ్చి. నాది మూసింది నువ్వు."

నాకు జవాబు రాలేదు. ఆవిడ ఏమిటి, ఏమిటి అని అడుగుతోంది. అమ్మాయి చెప్పింది, అంతా చెప్పేసింది. పథ్యం, గ్లాసు, రాత్రి కుళాయి, అన్నీ. నేను నాచు వైపు చూస్తూ కూర్చున్నాను. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నెమ్మదిగా చెప్పింది. ఈ నక్షత్రం ఉపవాసం ఊరికే ఉండదు. గుడ్లు పెట్టకముందు నెలల తరబడి తిని, తిన్నదంతా చేతుల్లోపల ఉండే గ్రంథుల్లో దాచుకుంటుంది. కాపు కాసినన్నాళ్లూ ఆ నిల్వే కరిగిస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, అది పిల్లలకి పాలివ్వదు. పిల్లలకి కావలసిన తిండి గుడ్డులోని సొనలోనే పెట్టేసింది. పిల్లలు తల్లిని ఏమీ అడగవు, నీడ తప్ప.

"మీ అమ్మాయి రోజూ కొత్తగా చెయ్యాలి కదా" అందట ఆవిడ. అంతే. ఇంకేమీ అనలేదు.

తర్వాత నేను లెక్క తెలుసుకున్నాను. తల్లి రోజుకి సుమారు ముప్పావు లీటరు పాలిస్తుంది. ఆ పాలలో నూటికి 87 వంతులు నీళ్లే. ఆ నీళ్లు ఎక్కడినుంచి రావాలి? మన హైదరాబాదులోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, పాలిచ్చే తల్లికి మొదటి 6 నెలలూ మామూలు తిండి కంటే రోజుకి 600 కేలరీలు ఎక్కువ కావాలని చెబుతుంది. పప్పు, పాలు, ఆకుకూరలు, పళ్లు పెట్టమంటుంది. మనం సరిగ్గా వాటినే తీసేస్తాం! కాయం ఉండ మీద నాకేమీ పగ లేదు. శొంఠి, బెల్లం, నెయ్యి మంచివే. వెల్లుల్లీ మంచిదే. పెట్టేవాటితో చిక్కు లేదు. ఆపేవాటితోనే.

ఆవిడ ఇంకో రెండు మూడు సంగతులు చెప్పింది. ఆస్ట్రేలియా పక్కన టాస్మేనియాలో, మన చిటికెన వేలి గోరంత నక్షత్రం ఒకటుందట, పార్వులాస్ట్రా వివిపారా అని. అది గుడ్లు బయట పెట్టనే పెట్టదు. పిల్లల్ని కడుపులోనే పెంచి కంటుంది. మహాతల్లి అనుకుంటున్నారా? ఆ కడుపులో పెద్ద పిల్లలు చిన్నవాటిని తినేసి బలుస్తాయి! మా అమ్మాయి "ఛీ ఛీ" అని చెవులు మూసుకుంది. గుడ్డ ఎలాగూ కట్టి ఉందనుకోండి. సముద్రంలో ఒక్కో తల్లిది ఒక్కో పద్ధతి. అందులో ఏదో ఒకటి ఏరి తెచ్చి మన ఇంట్లో ఉదాహరణగా చెప్పడం ఎంత తెలివితక్కువో నాకప్పుడే తెలిసొచ్చింది.

ఇంకొకటి మాత్రం ఆవిడ చెబుతుంటే గొంతు మారింది. 2013లో ఆ తీరమంతా, అటు అలాస్కా నుంచి ఇటు మెక్సికో దాకా, నక్షత్ర చేపలకి ఒక తెగులు వచ్చింది. ఒంటి మీద తెల్లటి పుండ్లు. తర్వాత చేతులు మెలికలు తిరిగి ఊడిపోవడం. కొద్ది రోజుల్లో ప్రాణి కాస్తా జిగురు ముద్ద అయిపోవడం. 20కి పైగా జాతులకి సోకింది. పొద్దుతిరుగుడు పువ్వులా ఇరవై చేతులతో ఉండే పెద్ద నక్షత్రాలైతే నూటికి తొంభైకి పైగా పోయాయి. ఆవిడ బకెట్ పట్టుకుని, ఊడిన చేతులు లెక్కపెడుతూ ఇదే రాళ్ల మీద తిరిగిందట. ఆ రోజు ఆవిడ మాకిది చెప్పేనాటికి కారణం తేలలేదు. 2025 ఆగస్టులో తేలింది, విబ్రియో పెక్టెనిసిడా అనే బాక్టీరియా అని. మన కలరా క్రిమి కూడా ఆ విబ్రియో కుటుంబానిదే. ఆ వార్త అమ్మాయి ఫోనులో చదివి వినిపిస్తే, నాకు ముందుగా గుర్తొచ్చింది ఆవిడ చేతిలోని ఆ బకెట్టే.

ఆరు చేతుల చిన్నదానికి ఇక్కడ మరో చిక్కు ఉంది. పెద్ద నక్షత్రం పిల్లలు కొట్టుకుపోయి ఎక్కడెక్కడో తేలతాయి కాబట్టి, ఒక ఒడ్డు ఖాళీ అయినా ఎన్నాళ్లకో మళ్లీ ఎక్కడినుంచో వచ్చి నిండే ఆశ ఉంటుంది. దీని పిల్లలు అమ్మ పొట్ట కిందనుంచి బయటికి వచ్చి, నడిచి, ఆ పక్క రాతి దాకా వెళతాయి. అంతే. పుట్టిన ఊళ్లోనే పెరిగి అక్కడే ముసలివవుతాయి. ఒక ఒడ్డున ఇవి పోతే అక్కడికి నడిచి రావడానికి మరొకటి దగ్గర్లో ఉండాలి. అమ్మ దగ్గరే ఉండిపోవడంలో సుఖమూ ఉంది, ప్రమాదమూ ఉంది. ఇది విన్నప్పుడు అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. పామర్రు నుంచి అంత దూరం కొట్టుకొచ్చిన పిల్ల కదా, ఏమనుకుందో!

నీళ్లు మళ్లీ ఎక్కడం మొదలైంది. మేము చూసిన రాయి చూస్తుండగానే మునిగింది. కారు దగ్గరికి వెళితే పాప ఏడుస్తోంది, అల్లుడు చెమటలు పట్టి పాట పాడుతున్నాడు. అమ్మాయి పాలివ్వడానికి కూర్చుంది. నేను సంచీలోంచి నీళ్ల సీసా తీసి మూత తిప్పి దాని నోటికి అందించాను. ఒక్క గుక్కలో సగం తాగింది. "చల్లగా లేవే" అంది, కావాలనే. నేను నోరెత్తలేదు.

ఆ రాత్రి పప్పు వండాను. తోటకూర వేసి.

మంగినపూడిలో

నేను జూలైలో తిరిగొచ్చాను. ఆ ఏడాది కార్తీక పౌర్ణమికి మా వీధి ఆడవాళ్లమంతా ఎప్పటిలాగే మంగినపూడికి సముద్ర స్నానానికి వెళ్లాం. వెనక వరసలో కూర్చున్న మా పక్కింటామె కూతురికి అప్పటికి ఎనిమిదో నెల. బస్సులో దారి పొడుగునా ఆమె తల్లి పురిటి ఏర్పాట్లు చెబుతూనే ఉంది. కుంపటి, కాయం, గదికి కట్టడానికి చీరలు. నేను గూడూరు దాటేదాకా ఆగి, అప్పుడు మొదలుపెట్టాను. 1991 మే నెల దగ్గర్నుంచీ అంతా చెప్పాను. కుళాయి దగ్గర సీసా దాచడం చెబుతుంటే ఆ పిల్ల నవ్వింది గానీ తల్లి నవ్వలేదు. "మా అత్తగారూరుకోదమ్మా" అంది చివరికి. "మీ అత్తగారితో నేను మాట్లాడతాలే" అన్నాను. మాట్లాడాను కూడా. అది ఇంకో వ్యాసం అవుతుంది.

స్నానాలయ్యాక, ఒడ్డున వల లాగుతున్న చోటికి నేనొక్కదాన్నే వెళ్లాను. చేపలు ఏరుకోగా మిగిలిన చెత్తలో గవ్వలు, పీతపిల్లలు, జెల్లీ ముద్దలు, వాటి మధ్యన అయిదు చేతుల నక్షత్రం ఒకటి. ఇసుక రంగు. అంచుల వెంబడి దువ్వెన పళ్లలాంటి ముళ్లు. మన ఒడ్డున రాళ్లు లేవు కాబట్టి రాతి కింద దాక్కునేవి ఉండవు. ఇసుకలో కూరుకుపోయి బతికే ఇలాంటివి ఉంటాయి. దీని పాదాలకి పట్టు ఉండదు, కొసలు సూదిగా ఉంటాయి, ఇసుక తవ్వుకోవడానికి. గవ్వల్ని అమాంతం మింగి, లోపలిది తిని, పెంకు మళ్లీ నోట్లోంచే ఉమ్మేస్తుంది. గుడ్లు నీళ్లలోకి వదిలేసే జాతి ఇది. ఆ సంగతి తెలిసి కూడా తిరగేసి చూశాను.

బుట్ట పట్టుకుని చేపలు ఏరుతున్న ఆమె నా వంక వింతగా చూసింది. "ఏం ఎతుకుతున్నావమ్మా దాని కింద?"

"పిల్లలున్నాయేమోనని."

"దానికా!" అని నవ్వింది. తర్వాత బుట్ట పక్కన పెట్టి, దాన్ని నా చేతిలోంచి తీసుకుని, తనూ ఒకసారి తిరగేసి చూసింది. ఏమీ లేదు. అల వచ్చి వెనక్కి పోతున్నప్పుడు నీళ్లలోకి విసిరేసింది.